దానమిచ్చిన మాత్రలు

బోధన్,
జులై 28

హమీదా,

నీ చెవి మిషన్ ఈల వేస్తోందని కిందటిసారి మాట మధ్యలోనే ఫోన్ పెట్టేశావు. ఇక ఫోన్‌తో మనకు పని లేదు, ఉత్తరమే రాస్తాను. ముప్ఫై ఏళ్లు ఒకే బడిలో నేను తెలుగు, నువ్వు లెక్కలు చెప్పిన వాళ్లం, ముసలితనంలో కేకలు వేసుకోవడం ఏం బాగుంటుంది? పైగా నీ కోడలు ఆఫ్రీన్‌కు తెలుగు చదవడం రాదు. మన మాటలు బీరువాలో పెట్టినంత భద్రం.

సంగతి ఏమిటంటే, నా కాలు మళ్లీ వార్తలకెక్కింది.

పోయిన వారం గవర్నమెంటు వాళ్లు బడికి వచ్చి చిన్నపిల్లల వేళ్లు గుచ్చి రక్తం చూశారు. ఒక చుక్క తీసి పట్టీ మీద వేస్తారు. ఒక గీత వస్తే ఏమీ లేదు, రెండు వస్తే ఒంట్లో బోదకాలు పురుగు ఉన్నట్టు. మా ఇంటి ఓనరు భోజన్న మనవరాలికి రెండు గీతలు వచ్చాయి. ఆ పిల్లకు జ్వరం లేదు, వాపు లేదు, పొద్దస్తమానం వాకిట్లో గెంతుతూనే ఉంటుంది. అయినా రెండు గీతలనగానే వీధి వీధంతా ఒక్కసారి తల తిప్పి నా కాలి వంక చూసింది. ఇంత ఐకమత్యం నల్లా నీళ్ల కోసం కూడా ఏనాడూ చూపించలేదు వీళ్లు.

సాయంత్రం భోజన్న వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు, కుర్చీకి కూడా రోగం ఉందనుకున్నాడో ఏమో. "టీచరమ్మా, ఏమనుకోకు. పిల్లలు తిరిగే ఇల్లు. దసరా దాక ఉండు, గంతలోపల ఖాళీ జెయ్యి. నేను మంచోన్ని గాబట్టి గిన్ని రోజులు ఉంచుకున్న" అన్నాడు. తాను మంచివాడినని తానే చెప్పుకోవాల్సి వచ్చిన మనిషిని చూస్తే నాకు జాలేస్తుంది. అంతటితో ఆగాడా? లుంగీ కొంచెం పైకెత్తి, "నన్ను సూడు, గీ వయసుల సుత షుగర్ లేదు, బీపీ లేదు. పిక్కలు సూడు ఎట్లున్నయో" అన్నాడు. పొద్దున్నే శక్కర్‌నగర్ దాకా నడిచొచ్చి ఆ పిక్కలను ఊరందరికీ చూపించడమే ఆయనకు రిటైరయ్యాక దొరికిన ఉద్యోగం. చూశాను. పిక్కల్లాగే ఉన్నాయి.

మా వీధి వాళ్ల దానగుణం గురించి నీకెప్పుడూ చెప్పలేదనుకుంటా. ఏటా ఆశా వర్కర్ స్నేహలత ఇంటింటికీ బోదకాలు మాత్రలు తెస్తుంది. రోగం ఉన్నా లేకున్నా అందరూ మింగాలట, ఆమె ముందే మింగాలట. ఆమెకు తిరగాల్సిన ఇళ్లు బోలెడు, మోకాళ్లు నొప్పులు. "అన్నం తిన్నంక ఏస్కోండ్రి" అని చేతిలో పెట్టి, గోడ మీద సుద్దముక్కతో గుర్తు వేసి పోతుంది. చీకటి పడేలోపు ఆ మాత్రలన్నీ నా గడపలోకి వస్తాయి. భోజన్న తన ఇంట్లో వాళ్లవన్నీ పొట్లం కట్టి తెస్తాడు. ఎదురింటి రాధాబాయి కొంగున ముడేసుకుని తెస్తుంది. "మాకేం రోగమున్నది టీచరమ్మా? రోగమున్నదానివి నువ్వు, నువ్వే ఏస్కో. పుణ్యముంటది" అంటారు. పుణ్యం ఎవరికో చెప్పరు. నేను నా వంతు మింగి, మిగిలినవి హార్లిక్స్ సీసాలో వేస్తాను. మందు పారేయడానికి చేతులు రావు, అన్నీ నేనే మింగడానికి నాకేం పిచ్చి లేదు. ఒక సీసా నిండి రెండోది మొదలైంది. ఇంతమంది దాతలున్న రోగి ఈ జిల్లాలో ఇంకొకరు ఉండరు.

సరే, అసలు మాటకు వస్తాను. నువ్వు కొడుకు దగ్గరికి నిజామాబాద్ వెళ్లిపోయిన రోజు బస్టాండులో నా చెయ్యి పట్టుకుని, "వెనక గది నీదే అక్కా, ఎప్పుడొచ్చినా" అన్నావు. ఆ ఎప్పుడో ఇప్పుడే వచ్చింది. బోదకాలు మనిషికి బోధన్‌లో ఇల్లు ఎవరిస్తారో నాకు తెలుసు, ఎవరూ ఇవ్వరు. దసరాకు ముందే వస్తాను. నాకు ఒక మంచం, ఒక స్టవ్, కాలు కడుక్కోవడానికి బయట ఒక రాయి ఉంటే చాలు.

రూతు

*

నిజామాబాద్,
ఆగస్టు 9

రూతక్కా,

నీ ఉత్తరం చదివి నాకు ఒళ్లు మండింది. ఆ భోజన్న కొడుకు తొమ్మిదో ఎక్కం తప్పు లేకుండా చెప్పిన రోజు ఒక్కటీ లేదు. లెక్క రాని వంశం, పిల్లకు రోగం ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం నోటిలెక్కలా తేల్చేసింది! ఆయన పిక్కలను నువ్వు అంత నెమ్మదిగా చూసి ఊరుకున్నావంటే నమ్మను, ఏదో అనే ఉంటావు.

ఇక్కడ మేం బాగున్నాం. ఆఫ్రీన్‌కు ఐదో నెల. ఏది ముట్టుకున్నా చేతులకు ఆ మందునీళ్లు రాసుకుంటోంది. నిన్న నేను బెండకాయలు కోసి ఇస్తే బెండకాయలకు కూడా రాసింది. ఏమన్నా అంటే ఫోన్‌లో ఎవరో డాక్టరమ్మ చెప్పిందని చూపిస్తుంది. ఇల్లు దవాఖాన వాసన వస్తోంది.

గది సంగతి. నీకు ఇవ్వకపోవడమేమిటి అక్కా, అది నీదే. కాకపోతే ఈ వానలకు కప్పు ధారగా కారుతోంది. గిన్నెలు పెట్టి పెట్టి నా నడుము విరిగింది. వానలు తగ్గాక బాగు చేయిస్తాను అంటున్నాడు మా అబ్బాయి నదీం. కొంచెం ఓపిక పట్టు. దసరాకు ఇంకా చాలా టైముంది.

హమీదా

*

బోధన్,
ఆగస్టు 24

హమీదా,

కప్పు కారుతుంటే కారనీ, తొందరేం లేదు. నా వైభోగం విను.

మొన్న ఆదివారం చర్చిలో ప్రభువు భోజనానికి ముందుకు వెళ్లబోతుంటే చర్చి పెద్ద పాల్ రాజ్ అడ్డం వచ్చాడు. మొహం నిండా దయ. "సిస్టర్, మీకు మోకరించుడు కష్టం గదా, ఎనక బెంచిల కూసోండ్రి, మీ కాడికే తెస్తం" అన్నాడు. ఇన్నేళ్లుగా మోకరిస్తూనే ఉన్నాను, నా మోకాలికి కష్టమని ఈ ఆదివారమే తెలిసిందా ఆయనకు? వెనక బెంచీలో కూర్చున్నాను. తెచ్చారు. నా కోసం వేరే గిన్నె, కొత్తది, స్టిక్కరు కూడా తీయలేదు. కళ్లు మూసుకుని ప్రార్థన చేయాల్సిన సమయంలో ఆ గిన్నె ఏ కంపెనీదో చదువుతూ కూర్చున్నాను. ఈ పాపం పాల్ రాజ్ ఖాతాలోకే పోతుంది.

రాధాబాయి ఇప్పుడు మాట్లాడాలంటే రోడ్డు అవతలి నుంచే అరుస్తోంది. రోజూ నా కాలు సబ్బుతో కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా గుడ్డతో అద్ది, పగుళ్లకు మందు రాసుకుంటాను. ఈ వీధిలో నా కాలంత శుభ్రమైన వస్తువు ఇంకొకటి లేదు, వాళ్ల వంటగిన్నెలతో సహా.

అసలు విషయం ఇది. రక్తం చూసేవాళ్లు మా ఇంటికి కూడా వచ్చారు. భోజన్నే పిలిపించాడు, నా మీద రుజువు కావాలని. గుమ్మం బయట నిలబడి చూశాడు. నా వేలు గుచ్చి, చుక్క పట్టీ మీద వేశారు. ఒకే గీత. ల్యాబ్ ఆమె మళ్లీ గుచ్చింది. మళ్లీ ఒకే గీత. "ఈమె ఒంట్ల ఏం లేదు సార్" అని అక్కడే చెప్పింది. భోజన్న పట్టీని తిప్పి తిప్పి చూసి, "గీ పట్టీలు ఎప్పటియో. గంత పెద్ద కాలు కనబడుతుంటే పట్టీని నమ్ముతమా?" అని వెళ్లిపోయాడు. మనవరాలి వేలి కింద అదే పెట్టెలోంచి తీసిన పట్టీని మాత్రం దేవుడి వాక్కులా నమ్మాడు.

కాబట్టి ఖాళీ చేయడం తప్పదు. వానలు ఇక్కడ ఆగిపోయాయి. అక్కడా ఆగే ఉంటాయి, నిజామాబాద్ మీద వేరే ఆకాశం లేదు కదా. కప్పు బాగు చేయించారా?

రూతు

*

నిజామాబాద్,
సెప్టెంబర్ 6

రూతక్కా,

ఒకే గీత వచ్చిందని చదివి ఎంత సంతోషపడ్డానో! నీకేమీ లేదని నాకు ముందే తెలుసు.

గది విషయంలో చిన్న ఇబ్బంది వచ్చింది. నదీం ఈసారి ధర పెరుగుతుందని పసుపు కొని పెట్టాడు, కమీషన్ అడ్తి దుకాణంలో జాగా చాలక బస్తాలన్నీ వెనక గదిలో వేయించాడు. నడవడానికి కూడా సందు లేదు. ఆ ఘాటుకు నీకు తుమ్ములు ఆగవు. మార్కెట్ యార్డులో రేటు రాగానే అమ్మేస్తాడు. అంతవరకు పోచంపాడ్‌లో మీ చిన్నమ్మ కూతురు ఉంది కదా, ఆమె దగ్గర కొన్నాళ్లు ఉంటే ఎలా ఉంటుంది? గోదావరి గాలి ఆరోగ్యానికి మంచిది కూడా.

ఆఫ్రీన్‌కు కాళ్లు కొంచెం వాచాయి. కడుపుతో ఉన్నవాళ్లకు మామూలేనని డాక్టరమ్మ చెప్పినా వినకుండా రోజంతా ఏడ్చింది. నేనేం చెప్పినా తప్పే అవుతోంది.

హమీదా

*

బోధన్,
సెప్టెంబర్ 13

హమీదా టీచర్‌కు,

ఆగస్టులో ధారగా కారిన గదిలో సెప్టెంబర్‌లో పసుపు బస్తాలు వేయించాడా నీ కొడుకు? చెమ్మ తగిలితే పసుపు ఏమవుతుందో నిజామాబాద్‌లో నడక నేర్చిన పిల్లవాడికి కూడా తెలుసు. నదీం తండ్రిది అడ్తి వ్యాపారం, తాతదీ అదే. ఆ ఇంట్లో పుట్టినవాడు కారే కప్పు కింద పసుపు పెట్టడు. అంటే కప్పు కారలేదు, లేదా పసుపు లేదు. రెండూ లేవని నా అనుమానం.

నువ్వు అబద్ధం చెప్పడం కన్నా, ఇంత చేతకాని అబద్ధం చెప్పడం నాకు చిన్నతనంగా ఉంది. లెక్కల టీచర్‌వి. నిన్న రాసిన అంకెకు ఇవాళ్టి అంకె పొసగాలని పిల్లలకు బెత్తం పట్టుకుని నేర్పినదానివి.

పోచంపాడ్ గాలి మంచిదన్నావు. గాలి మంచి చెడ్డలు నువ్వు చెప్తే నేను నేర్చుకోవాలి మరి. భోజన్న కనీసం నా మొహం మీద చెప్పాడు. ఆయన మాటలో కల్తీ లేదు, మూర్ఖత్వం మాత్రమే ఉంది. నువ్వూ ఒక్కసారి నిజం రాయి. రెండు ముక్కలు చాలు.

రూతమ్మ

*

నిజామాబాద్,
సెప్టెంబర్ 22

అక్కా,

రాస్తాను. కాగితం ఇప్పటికి మూడుసార్లు చింపాను.

నువ్వు వస్తున్నావని నేను ఇంట్లో చెప్పిన రోజే ఆఫ్రీన్ అన్నం ముందు నుంచి లేచిపోయింది. "అమ్మీ, ఆ ఆంటీ కాలు నేను మా పెండ్లిల జూసిన. కడుపుల బిడ్డ ఉన్నది. ఆమె ఈ ఇంట్లకొస్తే నేను మా అమ్మోళ్లింటికి పోత, మల్ల రాను" అన్నది. నదీం ప్లేటులోకి చూస్తూ కూర్చున్నాడు. అప్పుడే నేను గట్టిగా ఒక మాట అనాల్సింది. అనలేదు.

ఎందుకు అనలేదో కూడా రాస్తాను, నిజం అడిగావు కాబట్టి. ఆ పిల్ల ఆ మాట అనగానే నాకూ లోపల హాయిగా అనిపించింది. కాదనే పని ఆమె చేసింది, నా చేతికి మట్టి అంటలేదు. నీ పక్కన కూర్చుని ముప్ఫై ఏళ్లు టిఫిన్ తిన్నదాన్ని. కానీ పుట్టబోయే బిడ్డ అనుకునేసరికి నా ధైర్యం అంతా జారిపోయింది. ఒకే గీత వచ్చింది, నిజమే. కానీ కాలు కనబడుతోంది కదా అక్కా. కళ్లకు కనబడేదాన్ని ఎలా కాదనుకోను?

మా ఇంట్లో అల్లా దయ వల్ల ఎవరికీ ఏ రోగమూ లేదు. నేనైతే జ్వరం వచ్చి పడుకుని ఎన్నేళ్లయిందో. మాత్రలు ఇక్కడా ఇచ్చి పోతారు, నేను కిటికీలో పెడతాను, అవి అక్కడే ఉంటాయి. రోగం లేని ఇంట్లోకి రోగం రాకూడదని భయపడటం తప్పా? నువ్వే చెప్పు.

నన్ను తిట్టు. కానీ రాయడం మానకు.

హమీదా

*

బోధన్,
అక్టోబర్ 8

హమీదా,

తిట్టమన్నావు, అంత తేలిగ్గా వదలను.

ముందు మా వీధి కథ విను. భోజన్న మనవరాలికి రెండు గీతలు వచ్చాయి కాబట్టి వీధి మొత్తానికి మళ్లీ మాత్రలు మింగించాలని పైనుంచి ఆర్డరు వచ్చిందట. మొన్న ఒక డాక్టరు అబ్బాయి, స్నేహలత, ఇంకో ఇద్దరు వచ్చి భోజన్న అరుగు మీద కూర్చున్నారు. అందరినీ పిలిచారు. నన్ను పిలవలేదు, నేనే వెళ్లి గోడవారన నిలబడ్డాను. నేరస్తురాలు లేకుండా విచారణ ఏం బాగుంటుంది?

డాక్టరు అడిగాడు, "పోయినేడు మాత్రలు అందరూ మింగిండ్రా?" అందరూ ఒకే గొంతుతో మింగినమన్నారు. రాధాబాయి, "స్నేహలత ముందరనే మింగినం సార్, చేదుగ ఉండె" అని రుచి కూడా చెప్పింది. స్నేహలత గోడ మీద తన సుద్ద గుర్తుల వైపు చూపించింది. "అంతకుముందేడు?" మింగినం. "దానికి ముందు?" మింగినం. భోజన్నయితే, "నాకు రోగం లేకున్న సుత మింగుతున్న సార్, గవర్నమెంటు మాట మీద గౌరవం" అన్నాడు.

నేను ఇంట్లోకి వెళ్లి రెండు సీసాలూ తెచ్చి అరుగు మీద పెట్టాను.

"ఇవి ఏంది?" అన్నాడు డాక్టరు. "వీళ్ల గౌరవం" అన్నాను.

హమీదా, ఆ క్షణం నువ్వు చూడాల్సింది. స్నేహలత చేతిలో ఉన్న సుద్దముక్కను నెమ్మదిగా బ్యాగులో వేసుకుంది. రాధాబాయి, "పాపం టీచరమ్మకు రోగమున్నదని మేమే ఇచ్చినం సార్, మంచికే" అన్నది. ఆ డాక్టరు అబ్బాయి సీసాను ఎత్తి, వెలుతురులో పెట్టి చూశాడు. తర్వాత చెప్పాడు. నేను ఉన్నదున్నట్టు రాస్తున్నాను, నీ కోసమే.

"ఈ మాత్రలు ఈమె కాలికి గాదు. కాలు వాచినంక మాత్రలతోని తగ్గది. ఈమెకు పురుగు ఎన్నడో సచ్చింది, మిగిలింది దెబ్బ. ఈమెను దోమ కుడితే దోమకు ఏం దొరకది. బయటికి మంచిగున్నోళ్ల రక్తంలనే సన్న పురుగులు తిరుగుతయి. వాపుండది, జ్వరముండది, వాళ్లకే తెల్వది. దోమ వాళ్లను కుట్టి పక్కోళ్లను కుడుతది. ఈ రోగం మోసేటోళ్లల్ల చానామందికి పైకి ఏం కనబడది. అందుకే మంచిగున్నోళ్లకు మాత్రలు ఇస్తున్నం. మీరు అవి తీస్కపోయి అక్కర లేని మనిషికి దానం జేసిండ్రు."

అర్థమైందా? ఇన్నేళ్లు వాళ్ల మందు నా సీసాలో ఉంది, వాళ్ల రోగం వాళ్ల ఒంట్లో ఉంది, పేరు మాత్రం నా కాలికి వచ్చింది.

సీసాల్లోవి పాతబడ్డాయని పారేయడానికి పట్టుకుపోయారు. అందరికీ కొత్తవి ఇచ్చి, నోరు తెరిపించి మరీ మింగించారు. నేనూ మింగాను. పడుకుని తెల్లారి లేచాను, నాకేమీ కాలేదు. భోజన్నకు మాత్రం చలిజ్వరం, తల తిప్పుడు, వాంతులు. మందుకు లోపలి పురుగులు చస్తుంటే అలా అవుతుందట, ఒంట్లో పురుగు లేనివాడికి సాధారణంగా ఏమీ కాదట. వేలు గుచ్చి చూశారు. రెండు గీతలు. ఆ పిక్కల లోపల, ఆ శక్కర్‌నగర్ నడక లోపల.

నేను ఒక పెద్ద మాట అనడానికి తయారుగా కూర్చున్నాను. సాయంత్రం ఆయనే గోడ పట్టుకుని వచ్చాడు. నా కుర్చీలోనే కూర్చున్నాడు. "టీచరమ్మా, నా మన్మరాలికి నేనే అంటిచ్చిన్నా?" అన్నాడు. "అది దోమకే తెలుసు. డాక్టరు కూడా చెప్పలేడు. మందు పడింది కదా, పిల్ల బాగుంటుంది" అన్నాను. ఇంత చప్పటి మాట నా నోటి నుంచి వచ్చినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

ఇప్పుడు నీ వంతు. కళ్లకు కనబడేదాన్ని ఎలా కాదనుకోను అన్నావు. కనబడనిది ఏం చేస్తుందో రాశాను. ఆ కిటికీలోవి పాతవి, పారెయ్. ఆస్పత్రికి వెళ్లి కొత్తవి అడుగు. ఆఫ్రీన్‌కు వద్దు, కడుపుతో ఉన్నవాళ్లకు ఇవ్వరు. నువ్వూ నదీం మింగండి. ఏమీ కాకపోతే నా కాలిని చూసి భయపడే హక్కు నీకుందని కాగితం మీద ఒప్పుకుంటాను. రోగం లేని ఇల్లు అన్నావు కదా, మింగి చూపించు.

రూతు

*

నిజామాబాద్,
అక్టోబర్ 27

రూతమ్మ గారికి నమస్కారాలు,

మీ ఉత్తరం అందింది. మీరు రాసినట్టే మాత్రలు తెప్పించి నేనూ నదీం వేసుకున్నాము. నదీం బాగున్నాడు. ఆఫ్రీన్ బాగుంది. ఇక్కడ చలి మొదలయింది. యార్డు వైపు రోడ్డు తవ్వి పెట్టారు, రాకపోకలకు ఇబ్బందిగా ఉంది.

ఇంట్లో పనుల వల్ల కొన్నాళ్లు ఉత్తరాలు రాయలేకపోవచ్చు. మీరు ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోగలరు.

ఇట్లు,
హమీదా బేగం

*

బోధన్,
నవంబర్ 3

హమీదా,

ఈ "మీరు" ఎప్పటి నుంచి? "గారు" ఏమిటి, "చూసుకోగలరు" ఏమిటి? హెడ్మాస్టరుకు సెలవు చీటీ రాసినట్టు రాశావు. రోడ్డు తవ్వారన్న వార్త నాకెందుకు? నిజామాబాద్‌లో రోడ్డు తవ్వని రోజు ఉంటే అది రాయి.

నదీం బాగున్నాడు, ఆఫ్రీన్ బాగుంది. మధ్యలో ఒకరు తగ్గారు. నువ్వు ఎప్పుడూ ముగ్గురి లెక్కా చెప్పేదానివి.

నీకు జ్వరం వచ్చింది కదూ.

గెలిచానని ఇక్కడ నేను గెంతుతున్నానని అనుకుంటున్నావేమో. ఈ కాలితో గెంతలేను, అది నీకు తెలుసు. ఆ ఉత్తరం పోస్టు చేసిన రోజు నుంచీ, నీకు ఏమీ కాకూడదని, నా మాట ఓడిపోవాలని రోజూ ప్రార్థన చేశాను. ఎదుటివాళ్ల కోసం ఓడిపోవాలని కోరుకోవడం నాకు అలవాటు లేని పని, సరిగ్గా చేశానో లేదో తెలియదు.

దసరా వెళ్లిపోయింది, నేను ఇక్కడే ఉన్నాను. భోజన్న ఖాళీ చేయమన్న మాట ఎత్తడం లేదు. వెనక్కి తీసుకున్నానని చెప్పే మర్యాద కూడా లేదు. నిన్న వచ్చి దోమతెర ఎట్లా కట్టాలని అడిగాడు. కుర్చీలో కూర్చునే అడిగాడు.

రాయి. ఏమున్నా రాయి.

రూతు

*

నిజామాబాద్,
నవంబర్ 11

అక్కా,

వచ్చింది. మింగిన మర్నాటికే. మంచం అదిరేంత చలి, తల పగిలిపోయే నొప్పి. నదీం భయపడి ఖలీల్‌వాడిలో ప్రైవేటు ఆస్పత్రికి తీసుకుపోయాడు. అక్కడి నుంచి గవర్నమెంటు దవాఖానకు పంపారు. వేలు గుచ్చారు. రెండు గీతలు. ఎన్నేళ్ల నుంచి ఉందో ఎవరూ చెప్పలేరట. బోధన్‌లోనే తగిలిందో, ఇక్కడ తగిలిందో కూడా తెలియదు. నేను జ్వరం వచ్చి పడుకుని ఎన్నేళ్లయిందో అని నీకు గొప్పగా రాశాను, గుర్తుందా? ఆ ఏళ్లన్నీ నా ఒంట్లో అవి హాయిగా తిరుగుతున్నాయి.

పన్నెండు రోజుల మందు ఇచ్చారు. అయిపోయింది. దోమతెర కట్టుకుంటే చాలు, ఎవరికీ ఏమీ కాదు, కలిసి తినొచ్చు, ఒకే ఇంట్లో ఉండొచ్చు అని డాక్టరు ఆఫ్రీన్ ముందే చెప్పాడు. ఆఫ్రీన్ విన్నది. తల ఊపింది. ఇంటికి వచ్చి నా పళ్లెం, గ్లాసు వేరే పెట్టింది, గ్లాసుకు గుర్తుగా ఎర్ర దారం కట్టింది. నా బట్టలు బకెట్లో వేసి దాని మీద ఆ మందునీళ్లు చల్లింది. నదీం మళ్లీ ప్లేటులోకి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు నా మంచం వెనక గదిలో వేశారు.

ఈ ఉత్తరం ఆ గదిలోంచే రాస్తున్నాను. పోయిన వారం వాన పడింది, రోజంతా పడింది. పడుకుని పైకి చూస్తూనే ఉన్నాను. కప్పు కారదు అక్కా. ఒక్క చుక్క కూడా పడలేదు. చాలా మంచి గది. గాలి వస్తుంది. బయట కాలు కడుక్కోవడానికి రాయి కూడా ఉంది.

నీకు ఇవ్వనన్న గదిలో నేను ఉన్నాను. నువ్వు ఏం తిట్టినా ఇంతకన్నా ఎక్కువ తిట్టలేవు.

హమీదా

*

బోధన్,
నవంబర్ 15

హమీదా,

ఉత్తరం చదివాను. మొదట నవ్వొచ్చింది, దాచను. కప్పు కారదని రాసిన చోట నవ్వాను. ఎర్ర దారం దగ్గరికి మళ్లీ వెళ్లి చదివితే ఏడుపొచ్చింది. తెలివి తక్కువదానా, స్టిక్కరు తీయని గిన్నెలో ప్రభువు భోజనం తిన్నదాన్ని, నాకు చెప్పకుండా ఆ దారం వైపు చూస్తూ అన్ని రోజులు ఎలా కూర్చున్నావు?

ఆఫ్రీన్‌ను తిట్టను. ఆమె నీ దగ్గరే నేర్చుకుంది, నువ్వు మా అందరి దగ్గర నేర్చుకున్నావు. కనబడినదానికి భయపడటం, కనబడనిదాన్ని పక్కలో పడుకోబెట్టుకోవడం ఈ జిల్లా మొత్తానికి వచ్చిన విద్య. బిడ్డ పుట్టాక ఆ పిల్లకే బుద్ధి వస్తుంది, రాకపోతే నేను వచ్చి చెప్తాను, నా కాలితో సహా.

ఇప్పుడు చెప్పేది విను. శనివారం బోధన్ బస్సెక్కు. రెండు చీరలు, మందులు, చెవి మిషన్ తెచ్చుకో, ఈల వేసినా ఫరవాలేదు. దోమతెర ఉంది, పెద్దది, ఇద్దరికీ సరిపోతుంది. పళ్లెం తేవద్దు. నా పళ్లెంలో తింటావు. బిడ్డ పుట్టే దాకా ఉండు, తర్వాత కూడా ఉండాలనిపిస్తే ఉండు. ఆ మంచి గదికి తాళం వేసి, తాళంచెవి నదీం ప్లేటు పక్కన పెట్టు. అక్కడైతే తప్పకుండా చూస్తాడు.

ఇందాక భోజన్న ఇంటికి వెళ్లి, రెండో మంచం వేసుకుంటానని చెప్పాను. ఓనరు కదా, చెప్పాలి. ఆయన నా కాలి వంక చూసి, కొంచెం వెనకాముందాడి, "ఎవలొస్తున్నరు టీచరమ్మా? నీ అసొంటి ఆమెనేనా?" అన్నాడు.

"కాదు భోజన్నా, నీలాంటి ఆమె" అన్నాను.

ఆయన లోపలికి వెళ్లి, వాళ్ల ఇంట్లో నవారు మంచం తానే నెత్తిన పెట్టుకుని తెచ్చి నా గదిలో వేసిపోయాడు.

రూతు